చల్లగాలి గొట్టం

ఎల్.బి.నగర్, హైదరాబాద్
11 జూలై 2011

పానకాలరావు గారికి నమస్కారాలు.

నేను అశోక్‌ను. మీ అమ్మాయి అమల భర్తను. ‘మామయ్య గారికి’ అని మొదలుపెట్టి రెండు కాగితాలు చింపేశాను. పెళ్లయి ఆరేళ్లు. మీరు నన్ను ఒక్కసారి కూడా చూడలేదు. ఆ వరుస నాకు నేనే కలుపుకుంటే బాగుండదనిపించింది. మీకు చెవులు వినిపించవు కాబట్టి ఫోన్‌లో కుదరదని, రాస్తే మాత్రం తప్పకుండా చదువుతారని అమలే చెప్పింది. ఏం రాయాలో చెప్పలేదు. అందుకని బండి సంగతి రాస్తున్నాను.

నాది ఆరు టైర్ల చిన్న లారీ. నేను కొన్ననాటికే పాతది. నల్లగొండ తోటల నుంచి బత్తాయి ఎత్తి గడ్డిఅన్నారం మార్కెట్లో దించుతాను. మొన్న ఎండాకాలం నుంచి బండికి దమ్ము లేదు. ఖాళీగా బాగానే పోతుంది. లోడు పడితే మాత్రం చౌటుప్పల్ దాటాక ఏ కాస్త ఎత్తు వచ్చినా రెండో గేరులోకి దిగాల్సిందే. వెనక వచ్చేవాళ్లకు నా నల్లపొగలో రోడ్డు కనిపించదు. మార్కెట్లో వేలం పొద్దున్నే అయిపోతుంది. రెండుసార్లు ఆలస్యమయ్యేసరికి ఇద్దరు రైతులు వేరే బండి మాట్లాడుకున్నారు. వచ్చే నెలలో బత్తాయి జోరు మొదలవుతుంది. అప్పటికి బాగుపడకపోతే బండి అమ్మేసి ఎవరి దగ్గరన్నా డ్రైవరుగా చేరడమే.

ఇక్కడి మెకానిక్ ఇంజన్ దించాలంటున్నాడు. అంత పెట్టలేను. నాకొక అనుమానం ఉంది. నాకన్నా ముందు ఈ బండి నడిపినాయన అసలు గాలి ఫిల్టర్ పీకేసి, ఎక్కడిదో చిన్న డబ్బా తెచ్చి సైలెన్సర్ గొట్టం పక్కన బిగించాడు. తిరిగొచ్చాక దాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఇంజన్ ఆ వేడిగాలినే పీలుస్తోంది కదా? బయటి చల్లగాలి అందేలా తక్కువలో ఏదైనా గొట్టం చేసుకోవచ్చా?

“మా నాన్న ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి రోగం చెప్పేస్తారు” అంటుంది అమల. కాగితం మీద చెయ్యి ఆనించి చెప్పగలరేమో చూడండి.

ఇట్లు,
అశోక్


ఆటోనగర్, విజయవాడ
19 జూలై 2011

అశోక్ గారికి,

ఉత్తరం అందింది. మీ అనుమానం సబబే. వేడిగాలి పలచన. ఇంజన్‌కు కడుపు నిండదు. మీరు తొక్కే కొద్దీ డీజిల్ మాత్రం పోస్తూనే ఉంటుంది. గాలి చాలక కాలని డీజిల్ నల్లపొగై పోతుంది. ఇంజన్ దించక్కర్లేదు. అలా అన్న మెకానిక్ దగ్గరికి మళ్లీ వెళ్లొద్దు.

అయితే గాలి ఒకటే కాదు, దుమ్ము సంగతి కూడా చూడాలి. వేడిగాలి బండికి దమ్ము తగ్గిస్తుంది. దుమ్ము ప్రాణమే తీస్తుంది. కాబట్టి ముందు ఈ పని చెయ్యండి. ఫిల్టర్ డబ్బాకూ ఇంజన్‌కూ మధ్యనున్న గొట్టం విప్పండి. శుభ్రమైన తెల్లగుడ్డ వేలికి చుట్టి లోపల ఒక్కసారి తుడవండి. రెండోసారి తుడవొద్దు. ఆ గుడ్డ మడిచి కవరులో పెట్టి పంపండి. గొట్టం లోపలి వెడల్పు, క్యాబిన్ వెనక గోడకూ సరుకు తొట్టికీ మధ్య ఎంత సందు ఉందో కొలిచి రాయండి. అడుగుల్లో కాదు, అంగుళాల్లో.

ముప్ఫై ఎనిమిదేళ్లు లారీల కింద పడుకున్నవాణ్ణి. చెవులు అక్కడే పోయాయి. గుడ్డ చూస్తే నాకు చాలు.

ఇట్లు,
కె. పానకాలరావు, మెకానిక్


ఎల్.బి.నగర్
27 జూలై 2011

పానకాలరావు గారికి నమస్కారాలు.

గుడ్డ పంపుతున్నాను. ఇది మా అమ్మ వజ్రమ్మ ఇచ్చింది. మాది పోచంపల్లి, నేత కుటుంబం. అమ్మకు గుడ్డ చింపడమంటే ప్రాణం మీదికి వస్తుంది. “బండికి తుడ్శెతందుకు గింత మంచి గుడ్డెందుకురా?” అని గొణిగింది. బెజవాడ పోతుందని చెప్పాక మాత్రం అంచు కుట్టి మరీ ఇచ్చింది. నల్లగా ఉన్న వైపు నేను తుడిచింది.

గొట్టం లోపలి వెడల్పు మూడున్నర అంగుళాలు. క్యాబిన్ వెనక సందు ఏడు అంగుళాలు.

మీ ఉత్తరం అమల కూడా చదివింది. చదివాక కాగితం తిప్పి వెనక వైపు చూసింది. అక్కడ ఏమీ లేదు. మడిచి బీరువాలో పెట్టింది. తను బాగానే ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తోంది. మీరు అడగకపోయినా రాయాలనిపించింది.

మేమెలా కలిశామో మీకు ఎవరూ చెప్పి ఉండరు. తను బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండేది. ఆ హాస్టల్ వేరే ఇంటికి మారినప్పుడు పెట్టెలు మోసింది నా బండే. దారిలో బండి ఆగిపోతే అంతమంది ఆడపిల్లల్లో తనొక్కతే దిగి వచ్చి, “డీజిల్ పైపులో గాలి చేరింది, నట్టు వదులు చేసి పంపు కొట్టండి” అంది. నేను పెట్టెల మీద నుంచి కింద పడినంత పనైంది.

ఇక్కడ సైదాబాద్‌లో బక్కయ్య అని రేకు పనివాడు ఉన్నాడు. ధాన్యం డబ్బాలు చేస్తాడు. గొట్టం ఎంత పొడవు కావాలన్నా చుట్టిస్తానన్నాడు. తుక్కు దుకాణంలో పెద్ద లారీ ఫిల్టర్ డబ్బా ఒకటి చూసి పెట్టాను. మూతి సొట్ట పోయింది గాని ఒళ్లు గట్టిదే. తీసుకోనా?

ఇట్లు,
అశోక్


ఆటోనగర్, విజయవాడ
8 ఆగస్టు 2011

అశోక్‌కు,

గుడ్డ చూశాను. నలుపు కింద ఎర్రమట్టి గీత ఉంది. అంటే ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి పోతోంది. ఇలాగే ఇంకో ఏడాది నడిపితే నిజంగానే ఇంజన్ దించాల్సి వచ్చేది. అంచు కుట్టిన ఆవిడకు నా నమస్కారం చెప్పు. అంత నీటుగా కుట్టిన గుడ్డ మీద మట్టి గీత కూడా స్పష్టంగా కనిపించింది. అమల వాళ్లమ్మ శేషారత్నం ఆ గుడ్డ ఉతికి దాచుకుంది.

డబ్బా తీసుకో. పెద్దదైతే మంచిదే, ఇంజన్ సులువుగా పీలుస్తుంది. లోపలి ఫిల్టర్ మాత్రం కొత్తది వెయ్యి. అక్కడ పిసినారితనం వద్దు. రేకు గొట్టం నాలుగు అంగుళాల వెడల్పు చుట్టించు. వంపులు తక్కువ ఉండాలి, ఎక్కడా సన్నబడకూడదు. క్యాబిన్ ఒకలా ఊగుతుంది, ఇంజన్ ఇంకోలా ఊగుతుంది. కాబట్టి రెండింటికీ మధ్య రేకు పెడితే వారంలో పగులుతుంది. అక్కడ లావు రబ్బరు గొట్టం ముక్క వేసి రెండు వైపులా క్లిప్పులు బిగించు. సైలెన్సర్‌కూ గొట్టానికీ నడుమ ఒక రేకు పలక అడ్డం పెట్టు, దేనికీ తగలకుండా.

గాలి పీల్చే మూతి ఎక్కడ పెట్టాలన్నదే అసలు సంగతి. దానికి బొమ్మ గీయాలి. కళ్లజోడు మార్చడానికి ఇచ్చాను, రాగానే గీసి పంపుతాను.

నిజానికి ఇది ఉత్తరాల్లో తేలే పని కాదు. బండి వేసుకుని ఇద్దరూ ఇక్కడికి వచ్చేయండి. అక్కడ ఎప్పుడు చూసినా బందులూ గొడవలూ అని పేపర్లో చదువుతున్నాను. ఆ అవస్థ ఎందుకు? ఇక్కడ షెడ్డు ఉంది, చోటు ఉంది.

అమల బడి నుంచి ఎన్నింటికి వస్తుంది? చిన్నప్పుడు అన్నం తినకుండా స్కూలుకు పోయేది.

ఉంటాను,
పానకాలరావు


ఎల్.బి.నగర్
22 ఆగస్టు 2011

శ్రీ పానకాలరావు గారికి,

మీ ఉత్తరంలో గొట్టం సంగతి ఒకసారి చదివాను. ‘వచ్చేయండి’ అన్న మాట నాలుగుసార్లు చదివాను.

బందులూ గొడవలూ అని మీరు రాసినవి ఇక్కడ మాకు గొడవలు కావు. మా నాన్న రాజయ్య మగ్గం అమ్ముకుని ఈ ఊరు వచ్చాడు. ఉద్యోగం వస్తుందని నా తమ్ముణ్ణి డిగ్రీ దాకా చదివించాడు. అది రాలేదు, ఆయన పోయాడు. నేను జెండా పట్టుకుని రోజూ రోడ్డెక్కే మనిషిని కాను. అయినా రేపు రాష్ట్రం వేరవుతుందన్న భయంతో మీ అమ్మాయిని తీసుకుని మూటాముల్లె సర్దుకుని మీ షెడ్డులో చోటు వెతుక్కునేవాణ్ణి అంతకన్నా కాను. ఈ ఆరేళ్లలో మా వాడలో అమలను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే ఊరుకునేవాళ్లం కూడా కాదు.

అమల మాత్రం, “నాన్న రిపేరుకి రమ్మన్నారేమో, అంత దూరం ఆలోచించకు” అంది. బిడ్డ కాబట్టి అలా అనుకుంటుంది.

బొమ్మ గీసే శ్రమ మీకు అక్కర్లేదు. పని అయిపోయింది. డబ్బా క్యాబిన్ వెనక బిగించాను. బక్కయ్య గొట్టం చుట్టి టంకం పెట్టాడు. మూతిని కిందికి తెచ్చి ముందు బంపర్ వెనకాల పెట్టాను. బండి కదిలితే చాలు గాలి దానంతటదే దూసుకొస్తుంది. మొన్న నాలుగు టన్నుల కాయతో చౌటుప్పల్ ఎత్తు మూడో గేరులో ఎక్కాను. పొగ లేదు. వదిలి వెళ్లిన రైతుల్లో ఒకాయన తిరిగి వచ్చాడు.

మీరు చెప్పిన కొలతలకు కృతజ్ఞతలు.

ఇట్లు,
అశోక్


ఆటోనగర్, విజయవాడ
15 సెప్టెంబర్ 2011

శ్రీ అశోక్ గారికి,

మీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులవుతోంది. జవాబు రాయకూడదనుకున్నాను. నాకూ రోషం ఉంది. కానీ బంపర్ వెనక పెట్టిన మూతి కళ్లలో మెదులుతోంది, నిద్ర పట్టడం లేదు.

ముందు అది చెబుతాను. మూతి అక్కడ ఉండకూడదు. చల్లగాలి దొరుకుతుంది, నిజమే. వానొస్తే నీళ్లు కూడా అక్కడే దొరుకుతాయి. ఇంజన్ గాలిని నొక్కగలదు, నీళ్లను నొక్కలేదు. గ్లాసెడు నీళ్లు లోపలికి పోతే చాలు, పిస్టన్‌ను పట్టుకునే రాడ్ వంగిపోతుంది. బొమ్మ దీని వెనక గీశాను. గొట్టాన్ని క్యాబిన్ వెనక సందులోంచి పైకి తీసుకెళ్లి, మూతి క్యాబిన్ కప్పు కన్నా జానెడు ఎత్తున ఉంచి, వెనక్కి తిప్పి, మీద టోపీలా రేకు పెట్టండి. ఏడు అంగుళాల సందు ఎందుకు కొలవమన్నాననుకున్నారు? ఈ ఉత్తరం అందిన రోజే మార్చండి. మర్నాటికి పెట్టొద్దు.

ఇక రెండోది. మా వైపు ‘వచ్చేయండి’ అంటే ఒకసారి వచ్చి వెళ్లమనే. పక్కింటివాణ్ణి కాఫీకి పిలిచినా అలాగే అంటాం. కాపురం ఎత్తేయమని కాదు. పెళ్లికే రానివాణ్ణి, మీరు ఏ ఊళ్లో ఉండాలో చెప్పే హక్కు నాకెక్కడిది? రాష్ట్రం సంగతి నాకు తెలియదు. పేపర్లో ఒకటి రాస్తారు, ఇక్కడ టీ కొట్టు దగ్గర ఒకటి అంటారట, అది నాకు వినపడదు. నేను రమ్మన్నది బండి చూడ్డానికి. బండి ఒక్కదాన్నే కాదు, అంతకన్నా రాయలేకపోయాను.

అక్కడ సమ్మె మొదలైందని చదివాను. ఇది ఎప్పటికి అందుతుందో.

పానకాలరావు


ఎల్.బి.నగర్
28 సెప్టెంబర్ 2011

పానకాలరావు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నిన్న అందింది. మధ్యలో రైళ్లు కూడా ఆగాయి. బండి అంతకు ఐదు రోజుల ముందే ఆగిపోయింది.

ఇరవై రెండో తారీఖు సాయంత్రం వాన దంచి కొట్టింది. మర్నాటి వేలానికి మార్కెట్లో కాయ దించి ఖాళీ బండితో వస్తున్నాను. చైతన్యపురి దగ్గర రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. సమ్మెలో బస్సులు లేక జనం నడిచిపోతున్నారు. బడి నుంచి వచ్చే పిల్లలు, సంచులు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు. నీళ్లలో నిలబడి చేతులు ఊపితే ఆపి ఎక్కించుకున్నాను. ముప్ఫై మందికి తక్కువ ఉండరు. నాలుగు గజాలు పోయానో లేదో, ఎవరో సమ్మెటతో కొట్టినట్టు ఒక్క దెబ్బ వినిపించింది. అంతే. తర్వాత బండి పలకలేదు. జనమే దిగి తోశారు. ఎల్.బి.నగర్ దాకా తోసుకొచ్చారు.

మీ బొమ్మను ఆగిపోయిన ఇంజన్ మీద పరిచి చూశాను. అంత వివరంగా గీశారు, టోపీ రేకుకు మూడు కాళ్లు కూడా చూపించారు. నేను కోపం తెచ్చుకోకుండా పది రోజులు ఆగి ఉంటే ఈ బొమ్మ ముందే చేతికొచ్చేది. “కోపంల చేసిన పని కొలతకు రాదు బిడ్డా” అంది అమ్మ. అమల మీ ఉత్తరంలో ‘వచ్చేయండి’ గురించి రాసిన పేరా చదివి లోపలికి వెళ్లిపోయింది. రాత్రి అన్నం తినలేదు.

మీరు రమ్మంటే నేను ఇంకోటి అనుకున్నాను. తప్పు నాది. మీకు అలా రాసినందుకు మన్నించండి.

బండి అమ్మకానికి పెడదామనుకుంటున్నాను. తుక్కు కింద అడుగుతున్నారు. మీకు చెప్పకుండా అమ్మకూడదనిపించి రాస్తున్నాను.

అశోక్


(పోస్టు కార్డు)
విజయవాడ
3 అక్టోబర్ 2011

చిరంజీవి అశోక్‌కు,

బండి అమ్మొద్దు. ఎవరినీ స్టార్ట్ చెయ్యనివ్వొద్దు. తోసి గేరు వేసి చూద్దామని ఎవరైనా అంటే తాళం చెవి దాచెయ్యి. ఒక్క రాడ్ వంగి ఉంటే నా దగ్గర రాడ్ ఉంది. బస్సులు లేవు కదా, జగ్గయ్యపేట సిమెంటు లారీలో వస్తున్నాను. శనివారానికి దిగుతాను. అమలకు చెప్పు.

పానకాలరావు


ఆటోనగర్, విజయవాడ
20 అక్టోబర్ 2011

చిరంజీవి అశోక్‌కు ఆశీస్సులు.

క్షేమంగా చేరాను. బండి ఎలా ఉంది? వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ తెల్లగుడ్డతో తుడిచి పంపు. ఈసారి మట్టి గీత ఉండదు, అయినా చూడాలి.

శేషారత్నం నన్ను కూర్చోబెట్టి ఆ ఐదు రోజులూ ఏం జరిగిందో చెప్పమంది. ఇల్లు ఎలా ఉంది, అమల ఒళ్లు చేసిందా తగ్గిందా, ఏం కూర వండారు, అన్నీ పలక మీద రాసి రాసి అడిగింది. మీ అమ్మగారి సంగతి చెబితే నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. వజ్రమ్మ గారు నాకు వినపడదని తెలిసీ రోజూ పొద్దున్నే నా పక్కన కూర్చుని గంటసేపు మాట్లాడేవారు. నేను మర్యాదకు తల ఊపేవాణ్ణి. దేనికి ఒప్పుకున్నానో నాకైతే తెలియదు. ఏదైనా మాట ఇచ్చి ఉంటే కనుక్కుని రాయి.

బక్కయ్య మంచి పనివాడు. మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోకుండా రెండు పూటల్లో గొట్టం పైకి లేపాం. తను కళ్లతో చూపిస్తాడు, నేను వేలితో చూపిస్తాను. అతని టంకంలో సూది మొన పట్టే సందు కూడా లేదు.

అమల గురించి రాయాలి. ఇంజన్ కింద పడుకుని చెయ్యి చాపాను, ఏ పానా కావాలో చెప్పకుండానే. పద్నాలుగో నంబరు నా చేతిలో పడింది. చిన్నప్పుడు షెడ్డులో అలాగే ఇచ్చేది. కాసేపు కింద నుంచి లేవలేదు నేను. నట్టు బిగిసిపోయిందేమోనని నువ్వు వంగి చూశావు. నట్టు కాదు.

పెళ్లికి ఎందుకు రాలేదని మీరిద్దరూ అడగలేదు. అప్పట్లో ప్రాంతం వేరు, పద్ధతులు వేరు అన్నాను. అది అబద్ధం. నన్ను అడగకుండా పిల్ల తన దారి తను చూసుకుందని ఉక్రోషం. అది చెప్పుకోలేక ప్రాంతం పేరు చెప్పాను. తర్వాత అందరూ ఆ మాటే అంటుంటే అదే నిజమని నేనే నమ్మడం మొదలుపెట్టాను.

ఇంకొకటి అడగాలి. మనం బండి నడిపి చూద్దామని బయలుదేరిన రోజు ఎల్.బి.నగర్ చౌరస్తాలో సమ్మెవాళ్లు రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. బండి ఆపారు. ఒకాయన నా వైపు కిటికీ దగ్గరికి వచ్చి నన్ను చూస్తూ ఏదో అడిగాడు. నువ్వు జవాబు చెప్పావు. ఇంకొందరు వచ్చారు. నీ ముఖంలో నెత్తురు లేదు. నువ్వు మళ్లీ ఏదో అన్నావు, అందరూ నన్ను చూసి పగలబడి నవ్వారు. తర్వాత దింపి అన్నం పెట్టారు. అన్నం బాగుంది, పప్పులో చింతకాయ వేశారు. కానీ ఆ నవ్వు నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చాక అడిగితే నువ్వు చేత్తో ‘ఏం లేదు’ అన్నావు. చెవిటివాణ్ణి చూసి నవ్వడం నాకు కొత్త కాదు, ఏమీ అనుకోను. అయినా తెలుసుకోవాలని ఉంది. వాళ్లు ఏమడిగారు? నువ్వేం చెప్పావు?

ఉన్నదున్నట్టు రాయి.

నీ శ్రేయోభిలాషి,
పానకాలరావు


ఎల్.బి.నగర్
29 అక్టోబర్ 2011

మామయ్యకు నమస్కారాలు.

బండి బంగారంలా ఉంది. నాలుగు రోజుల కింద సమ్మె ముగిసింది. రాష్ట్రం రాలేదు, బస్సులు వచ్చాయి. ఊళ్లో అందరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి, దీపావళి కూడా సప్పగా జరిగింది. మార్కెట్ మాత్రం నిండుగా ఉంది. వారానికి నాలుగు లోడ్లు దొరుకుతున్నాయి. అమల బాగుంది. బడికి పోయే ముందు అన్నం తినేలా అమ్మ కాపలా కాస్తోంది, మీరే చెప్పి వెళ్లారంటోంది. ఎట్లా చెప్పారంటే, తల ఊపారంటుంది. మీరు ఇచ్చిన మాట అదొక్కటే కాదు. కార్తీకంలో అత్తయ్యను తీసుకొచ్చి నెలరోజులు ఉంటామని కూడా ఒప్పుకున్నారట.

మీరు అడిగింది చెప్తాను. ‘మీ పనితనం మెచ్చుకున్నారు’ అని రాసి తప్పించుకోవచ్చు, మీకు తెలిసే దారి లేదు. వారం రోజులు అదే రాద్దామని చూశాను. చెయ్యి రాలేదు.

కిటికీ దగ్గరికి వచ్చినాయన పేరు గోపయ్య. మీర్‌పేట్‌లో ఉంటాడు, ఆర్టీసీ డ్రైవర్. అప్పటికి మూడు వారాలుగా సమ్మెలో ఉన్నాడు. నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగును. మిమ్మల్ని చూసి, “గీ పెద్దమనిషి ఎవలే అశోక్?” అన్నాడు.

“మెకానిక్ అన్నా” అన్నాను.

“ఏడికెల్లి తెచ్చినవ్?”

“బెజవాడ.”

ఆ మాట విని ఇంకో నలుగురు దగ్గరికి వచ్చారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, అందరూ మా చుట్టుపక్కల వాళ్లే. జీతాలు లేక, తిండి సరిగ్గా లేక అందరూ వేడి మీద ఉన్నారు. నేను ఇంజన్ ఆపలేదు. మీరేమో నవ్వుతూ వాళ్లందరికీ నమస్కారం పెట్టారు.

“తెలంగాణ ఇయ్యాల్నా ఒద్దా? ఏమంటడు మీ మెకానిక్?” అని ఒకాయన అడిగాడు.

“ఆయనకు ఇనపడదన్నా. చెవులు పోయినయి. మనం గింత మొత్తుకుంటున్నా ఒక్క ముక్క ఇనపడలె” అన్నాను.

గోపయ్య ఒక్క క్షణం మిమ్మల్ని చూశాడు. “ఢిల్లీల చెవులున్నోళ్లకే ఇనపడ్తలేదు. ఈయనదేం తప్పే!” అన్నాడు. అందరూ నవ్వింది ఆ మాటకు. మిమ్మల్ని చూసి కాదు మామయ్యా. మా గతి చూసుకుని నవ్వారు.

తర్వాత దిగమని, విస్తరి వేశారు. మీరు తింటుంటే నేను పక్కనే నిలబడ్డాను. మంచినీళ్లు తెచ్చాను, విస్తరి గాలికి లేవకుండా రాయి పెట్టాను. గోపయ్య అది గమనించి, “మెకానిక్‌కు గింత సేవ ఎవడు చేస్తడురా?” అన్నాడు. అప్పుడు చెప్పాను. “మెకానిక్ కాదన్నా. మా మామ. అమల వాళ్ల నాయిన. నా బండి ఆగిపోయిందని రాడ్ సంకల పెట్టుకొని సిమెంటు లారీల ఒచ్చిండు.”

గోపయ్య నా నెత్తి మీద గట్టిగా చరిచాడు. అది మీరు చూసే ఉంటారు. “పిల్లనిచ్చిన మామను పట్టుకొని మెకానిక్ అంటవారా? మేమేం చేస్తమనుకున్నవ్? మమ్ముల గంతేనా ఎరుక చేసుకున్నది నువ్వు?” అన్నాడు. కోపంగానే అన్నాడు, కళ్లల్లో నీళ్లున్నాయి. గరిటె లాక్కుని మీకు తనే వడ్డించాడు. మీరు చాలు చాలని చేతులు అడ్డం పెట్టినా ఆగలేదు.

జరిగింది ఇదీ. మా వాడలో అమలను ఎవరూ ఒక్క మాట అనరని మీకు గొప్పగా రాసినవాణ్ణి నేనే. ఆ వాడవాళ్లనే నమ్మలేక మిమ్మల్ని మెకానిక్ అన్నవాణ్ణి కూడా నేనే. వాళ్లకు అన్యాయం చేశాను, మీకూ చేశాను. మీరు ఇంట్లో ఉన్న ఐదు రోజులూ సైగలతోనే గడిచిపోయింది, మిమ్మల్ని ‘మామయ్యా’ అని పిలవాల్సిన అవసరమే రాలేదు. ఈ సంగతి అమలకు నిన్న చెప్పాను. “నాన్నకి రాయి, తప్పించుకోకు” అంది.

మీకు కోపం వస్తే న్యాయమే. ఆ కోపం రాసి పంపండి. ఇకముందు మీ పక్కన నిలబడ్డప్పుడు ఎవరు అడిగినా, మొదటి మాటే సరిగ్గా చెప్తాను.

మీ అల్లుడు,
అశోక్